ఇంట్లోనే ఉండే పిల్లికి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏ వేళకి పెట్టాలి? (ఆపరేషన్ అయిన మగ పిల్లి, 5.4 కిలోలు)

#1 బెజవాడ_బాల్కనీ

అందరికీ నమస్కారం. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. నాటు పిల్లి, మగది, 3 ఏళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, గడప దాటదు. బరువు 5.4 కిలోలు, ఆరు నెలలుగా అక్కడే ఆగింది. డాక్టర్ గారు పట్టి చూసి ఒళ్లు ఎంతుందో చెప్పే 9 పాయింట్ల స్కేలు (5 అయితే సరైన ఒళ్లు) మీద 7 అన్నారు, తగ్గించమన్నారు.

ఇప్పుడు పెడుతున్నది: డ్రై ఫుడ్ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటుంది, 1.2 కిలోల ప్యాకెట్ సరిగ్గా 18 రోజులు వస్తోంది. పొద్దున 50 మి.లీ. పాలు. మధ్యాహ్నం ఉడికించిన చికెన్ సుమారు 25 గ్రాములు. నీళ్లు పెద్దగా ముట్టదు. తెల్లవారుజామున 5 కాగానే అరుపులు.

ప్యాకెట్ వెనక ఉన్న అంకెలు: ప్రొటీన్ 32 శాతం, కొవ్వు 12, పీచు 4, తేమ 10, యాష్ (ఖనిజాల బూడిద) 8. కేలరీలు రాయలేదు. రోజుకి ఎంత పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి, డ్రై మానేసి పౌచ్‌లకి (తడి ఆహారం ప్యాకెట్లకి) మారాలా? చెప్పగలరు.

#2 గ్రాముకాటా

ముందు బ్రాండ్ సంగతి పక్కన పెట్టండి. కేలరీల లెక్క తేలితే తక్కిన సగం ప్రశ్నలు వాటంతటవే తీరతాయి.

ప్యాకెట్ మీద కేలరీలు లేకపోయినా మనమే కట్టుకోవచ్చు. 100లోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, యాష్ తీసేస్తే మిగిలేది పిండి పదార్థం. మీ ప్యాకెట్‌లో అది 34. ప్రొటీన్‌నీ పిండినీ 3.5తో, కొవ్వుని 8.5తో హెచ్చవేయాలి. 112 + 119 + 102 = 333. అంటే 100 గ్రాములకి దాదాపు 333 కేలరీలు (ఇక్కడ కేలరీ అన్నదంతా కిలో కేలరీయే). లేబుల్ మీద ప్రొటీన్, కొవ్వులకి రాసేది కనీస శాతం, తేమకి గరిష్ఠ శాతం కాబట్టి అసలు విలువ కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మొదలుపెట్టడానికి ఇది చాలు.

18 రోజులకి 1.2 కిలోలంటే రోజుకి 66 గ్రాముల పైచిలుకు, దాదాపు 220 కేలరీలు. పాలు 30, చికెన్ 40. మొత్తం 290.

ఇక పిల్లికి కావాల్సింది. స్కోరు 5 దాటిన ప్రతి పాయింటుకీ 10 నుంచి 15 శాతం అదనపు బరువు అనుకోవచ్చు. 7కి తక్కువలో తక్కువ 20 శాతం పట్టినా, ఉండాల్సిన బరువు 5.4 ÷ 1.2 = 4.5 కిలోలు. విశ్రాంతి శక్తి (ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి రోజుకి పట్టే కేలరీలు) సూత్రం 70 × (బరువు)^0.75. ఫోన్ కాల్క్యులేటర్‌లో ఘాతం మీట లేకపోతే బరువుని మూడుసార్లు హెచ్చవేసి (4.5 × 4.5 × 4.5), వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం తీయండి. 3.09 వస్తుంది. 70తో హెచ్చవేస్తే 216. బరువు తగ్గించడానికి అందులో 80 శాతం, అంటే 173.

రోజుకి 173 కేలరీలు పెట్టండి.

#3 విశాఖ_నల్లపిల్లి

గ్రాముకాటా గారూ, లెక్క తప్పు లేదు గానీ మొదటి రోజే 290 నుంచి 173కి దించడం నాకు సమ్మతం కాదు. ఒక్కసారిగా 40 శాతం కోత అది. సూత్రాలు సగటు పిల్లికి చెప్పేవి. ఒకే బరువున్న రెండు పిల్లుల అవసరంలోనే ఎంతో తేడా ఉంటుంది. వారి దగ్గర సూత్రం కంటే మంచి ఆధారం ఉంది: ఈ పిల్లి 290 తింటూ ఆరు నెలలుగా బరువు మారకుండా ఉంది. అంటే దాని ఖర్చు 290. అక్కడి నుంచి 20 శాతం తగ్గిస్తే 232. రెండు వారాలు అదే పెట్టి తూకం చూడాలి. దిగకపోతే ఇంకో 10 శాతం. 173 అన్నది చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

ఆ మెట్టుకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మామూలు డ్రై ఫుడ్‌లో టారిన్ (పిల్లికి తప్పనిసరి అయిన అమైనో ఆమ్లం), విటమిన్లు, ఖనిజాలు కలిపేది పిల్లి పూర్తి మోతాదు తింటుందన్న అంచనా మీద. అందులో చాలా తగ్గించి పెడితే కేలరీలతో పాటు అవీ తగ్గిపోతాయి. అంత కోత నిజంగా అవసరమైతే డాక్టర్ రాసిచ్చే బరువు తగ్గించే ఆహారానికి మారాలి. అందులో కేలరీకి ప్రొటీన్, పోషకాలు ఎక్కువ ఉండేలా తయారు చేస్తారు.

#4 గ్రాముకాటా

ఒప్పుకుంటున్నాను. తినేది కచ్చితంగా తెలిసినప్పుడు అదే మొదలు కావాలి. 232తో మొదలుపెట్టండి.

#5 లిట్టర్_లెక్క

అందరికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. లావు పిల్లిని పస్తు పెట్టకూడదు. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని కొత్త తిండి ముందు పెట్టి కూర్చోవడం కుక్క దగ్గర చెల్లుతుందేమో, పిల్లి దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అక్కడే పేరుకుపోతుంది. హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. చెవుల లోపలి వైపు, చిగుళ్లు పసుపు తిరుగుతాయి. అప్పుడిక ట్యూబ్ వేసి వారాల తరబడి తినిపించాల్సి వస్తుంది. 24 గంటలు పూర్తిగా ముట్టకపోతే పాత తిండి వెనక్కి తెచ్చి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

దిగాల్సిన వేగం వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం. 5.4 కిలోలకి 27 నుంచి 54 గ్రాములు. 2 శాతం దాటనివ్వొద్దు. 900 గ్రాములు దిగడానికి నాలుగు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. మనిషిని తూచే మిషన్ 100 గ్రాముల తేడానే చూపిస్తుంది, పిల్లిని ఎత్తుకుని ఎక్కితే రెండు మూడు వారాల మార్పు కూడా తెలియదు. పసిపిల్లలని తూచే కాటా గానీ, కొరియర్ పార్సిళ్లు తూచే చిన్న కాటా గానీ మేలు. దాని మీద అట్టపెట్టె పెట్టి సున్నా చేసి పిల్లిని కూర్చోబెట్టండి. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ, తిండికి ముందు.

#6 డాలస్_తెలుగింట

అమెరికాలో పెట్ ఫుడ్ లేబుల్ మీద కేలరీలు వేయడం తప్పనిసరి, కిలోకి ఎంత, కప్పుకి ఎంత అని ఉంటుంది. ఇక్కడి నుంచి సంచీలు తెచ్చుకునేవాళ్లు ఆ కప్పు కొలతని నమ్మకండి. గుళికల సైజుని బట్టి కప్పులో పట్టేది మారిపోతుంది. గుత్తంగా నింపడానికీ తల కొట్టి నింపడానికీ తేడా వస్తుంది. రోజుకి పది గ్రాములు ఎక్కువ పడితే 33 కేలరీలు, అంటే ఈ పిల్లికి ఏడో వంతు తిండి. వంటింటి డిజిటల్ కాటా మీద గ్రాముల్లోనే తూచండి.

#7 బెజవాడ_బాల్కనీ

చాలా ఉపయోగం అండీ. పాలు ఇవాళే ఆపేశాను. మరి డ్రైనా, పౌచ్‌లా? పౌచ్ మీద ప్రొటీన్ 8 శాతమే ఉంది. డ్రైలో 32. అది చూసే ఇన్నాళ్లూ డ్రై మంచిదనుకున్నాను.

#8 గ్రాముకాటా

ఆ 8 శాతం నీళ్లతో కలిపి కట్టిన లెక్క. నీళ్లు తీసేసి పోల్చాలి. పౌచ్‌లో తేమ 84 అనుకుంటే మిగిలిన ఘనపదార్థం 16. అందులో 8 ప్రొటీన్ అంటే 50 శాతం. మీ డ్రైలో ఘనపదార్థం 90, అందులో 32 అంటే 36 శాతం. పౌచ్‌దే పైచేయి. ఎదిగిన పిల్లుల ఆహారానికి అమెరికా ప్రమాణం అయిన ఆఫ్‌కో ఘనపదార్థం మీద కనీసం 26 శాతం ప్రొటీన్ అడుగుతుంది, కూనలకీ చూడి పిల్లులకీ 30. రెండూ ఆ గీత దాటాయి. ఆపరేషన్ అయి, బరువు తగ్గాల్సిన పిల్లికి ప్రొటీన్ ఎక్కువ ఉంటేనే కండ కరగకుండా కొవ్వు కరుగుతుంది.

పౌచ్ కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని, ఏ వయసుకో ఉంటే అది భోజనం. "కాంప్లిమెంటరీ" అని ఉంటే చిరుతిండి. గ్రేవీలో ట్యూనా చీలికలు, నాకించే క్రీమ్ ట్యూబులు చాలావరకు రెండో రకమే. వాటిని భోజనంగా పెడితే నెలల మీద లోపం వస్తుంది. "గ్రెయిన్ ఫ్రీ" అన్న మాటకి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. బియ్యం తీసేసి బఠాణీ, బంగాళాదుంప వేస్తారు, పిండి పదార్థం తగ్గాలని లేదు.

#9 విశాఖ_నల్లపిల్లి

నా మాట: మగ పిల్లి, నీళ్లు తాగదు, బయటికి వెళ్లదు, లావు. మూత్రం అడ్డుపడే ముప్పు ఎక్కువ ఉన్న పిల్లి ఇదే. దీనికి పౌచ్ తప్పకుండా కావాలి. 4 కిలోల పిల్లికి తిండిలో ఉన్నదానితో కలిపి రోజుకి దాదాపు 200 మి.లీ. నీళ్లు కావాలి. డ్రైలో వచ్చేది నాలుగైదు మి.లీ.లే. 80 గ్రాముల పౌచ్ ఒక్కటి 67 మి.లీ. నీళ్లు తెస్తుంది. ఎడారి జంతువు సంతతి కాబట్టి పిల్లికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది, డ్రై తిన్నంత మాత్రాన ఆ లోటంతా గిన్నెలో తాగి పూడ్చుకోదు.

పూర్తిగా పౌచ్‌ల మీద నడపాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది, ఆ మాట దాచక్కర్లేదు. రోజుకి రెండు పౌచ్‌లు, మిగతా డ్రై. అదీ కష్టమైతే ఒక పౌచ్. డ్రై గట్టిగా ఉండటం వల్ల పళ్లు శుభ్రమవుతాయన్న మాట మామూలు గుళికలకి వర్తించదు. కొరకగానే పొడి అవుతాయి, పంటి మొదలు దాకా చేరవు.

#10 గోదారిగట్టు

మా వైపు అందరూ చికెన్, చేపలు ఉడకబెట్టి అన్నంలో కలిపి పెడతారు. పౌచ్‌ల కంటే అదే చవక, తాజా కదా. తప్పేంటి?

#11 పశువైద్య_పాఠం

గోదారిగట్టు గారూ, మంచి ప్రశ్న. పెరటి పిల్లికి ఆ అన్నం మీద ఎలుకలు, తొండలు, పిట్టలు తోడవుతాయి. ఎలుకని ఎముకతో, పేగుతో, గుండెతో తింటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. మూడో అంతస్తు పిల్లికి మీరు పెట్టిందే లోకం. అందులో లేనిది ఇంకెక్కడా దొరకదు.

ఎముక లేని చికెన్‌లో కాల్షియం ఒక వంతు ఉంటే ఫాస్ఫరస్ 15, 20 వంతులు. పిల్లికి రెండూ దాదాపు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా ఉండాలి. కొరత పడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. కూనల్లో ఇది వారాల్లోనే బయటపడుతుంది: గెంతడం మానేస్తుంది, కుంటుతుంది, మంచం మీంచి దూకితే కాలు విరుగుతుంది. గుడ్డు పెంకు పొడి కలిపితే కాల్షియం వస్తుంది నిజమే (గ్రాముకి సుమారు 370 మిల్లీగ్రాములు), కానీ అయోడిన్, జింక్, విటమిన్ ఇ, డి అలాగే మిగిలిపోతాయి.

టారిన్ సంగతి. పిల్లి దీన్ని తగినంత తయారు చేసుకోలేదు. లోపం వల్ల కంటి రెటీనా పాడవుతుందని 1975లో తేలింది. గుండె కండరం సాగి నీరసించిపోవడానికీ కారణం ఇదేనని 1987లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. బ్రెస్ట్ ముక్కలో టారిన్ తక్కువ, లెగ్ పీసులో, గుండెలో ఎక్కువ. ఉడికిస్తే చాలా భాగం నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే ఆ నీళ్లు పారబోయకండి, అందులోనే ముక్కలు వేసి ఇవ్వండి. ఆ నీళ్లలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రకణాలని పగలగొడతాయి. కిలో బరువుకి 5 గ్రాముల ఉల్లి చాలు విషం కావడానికి. వెల్లుల్లి అంతకంటే ఘాటు. కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం వల్ల లాభం లేదు, రసం ముక్కలోకి దిగే ఉంటుంది.

కార్జం ఇష్టంగా తింటుందని రోజూ పెట్టేవాళ్లు ఉన్నారు. నెలల తరబడి పెడితే విటమిన్ ఎ మోతాదు మించి మెడ వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పిల్లి తల తిప్పలేదు, ఒళ్లు నాక్కోలేదు. వారానికి ఒకసారి చిటికెనవేలంత ముక్క దాటొద్దు.

చేప: పచ్చిది వద్దు. చాలా చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉండి విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. తల ఛాతీ మీదికి వాలిపోతుంది, నడక తూలుతుంది, మూర్ఛలు వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. కవళ్లు, కానగంతల్లాంటి నూనె చేపలే రోజూ పెడితే విటమిన్ ఇ చాలక చర్మం కింద కొవ్వు వాచి, ముట్టుకుంటే నొప్పితో అరుస్తుంది. వారానికి ఒకసారి ఉడికించి ముల్లు తీసి 15 గ్రాములు సరే. ఎండు చేప, ఎండు రొయ్యల్లో ఉప్పు మెండు, వద్దు. వండిన ఎముక ఏదైనా వద్దు, చీలి పేగులో గుచ్చుకుంటుంది.

అన్నం విషం కాదు, కానీ పిల్లికి దానితో పని లేదు. కడుపు నింపి మాంసానికి చోటు తగ్గిస్తుంది.

పూర్తిగా ఇంటి వంట మీదే పెంచాలనుకుంటే పశు పోషకాహారం చదివినవారితో గ్రాముల లెక్కతో వంటకం రాయించుకుని, వాళ్లు చెప్పిన సప్లిమెంట్ కలిపి చేయండి. అది కుదరకపోతే ఇంటి చికెన్ రోజు కేలరీల్లో పదో వంతు దాటనివ్వకండి. 232లో అది 23 కేలరీలు. ఉడికిన బ్రెస్ట్ ముక్క 100 గ్రాములు 165 కేలరీలు కాబట్టి 12 నుంచి 14 గ్రాములు.

#12 మీసాలు_తోక

పచ్చి మాంసం పెడితే టారిన్ నష్టం కాదు కదా అని కొందరు పెడుతున్నారు. దాని మీద ఒక మాట చెప్పండి సార్.

#13 పశువైద్య_పాఠం

టారిన్ మిగులుతుంది, రోగాలూ మిగులుతాయి. సాల్మొనెల్లా, టాక్సోప్లాస్మా ఎప్పుడూ ఉన్న ముప్పే. ఇంట్లో గర్భిణి ఉంటే టాక్సోప్లాస్మా విషయంలో ఇంకా జాగ్రత్త. ఇప్పుడు బర్డ్ ఫ్లూ కూడా చేరింది. హెచ్5ఎన్1 పిల్లులకి బాగా ప్రాణాంతకం. 2023లో పోలండ్‌లో పెంపుడు పిల్లులు చాలా చనిపోయాయి, పచ్చి కోడి మాంసం మీద గట్టి అనుమానం. 2025 మొదట్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో ఇంటి పిల్లుల్లోనే బయటపడింది. ఆ ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల ఫారం కోళ్లకీ సోకింది. లోపలి దాకా పూర్తిగా ఉడికిస్తే వైరస్ చస్తుంది. కోళ్ల షాపు నుంచి తెచ్చిన మెడలు, పేగులు పచ్చివి పెట్టడం మానేయండి.

#14 తులసికోట

మా ఇంట్లో మాంసం గుడ్డు రెండూ రావు. 2 ఏళ్ల ఆడ పిల్లికి పెరుగన్నం, పనీర్, కొంచెం డ్రై ఫుడ్ పెడుతున్నాం. పనీర్‌లో ప్రొటీన్ ఉంది కదా, డ్రై కూడా ఆపేయవచ్చా?

#15 విశాఖ_నల్లపిల్లి

ఆపకండి తల్లీ. ఇప్పుడా పిల్లిని నిలబెడుతున్నది ఆ కొంచెం డ్రై ఫుడ్డే. పెరుగు, పనీర్‌లో టారిన్ పిల్లికి ఏ మూలకీ రాదు. క్యారెట్, ఆకుకూరల బీటా కెరోటిన్‌ని మనలాగా విటమిన్ ఎగా మార్చుకోలేదు, జంతు మాంసంలోంచి తయారు విటమినే కావాలి. అరాకిడోనిక్ ఆమ్లం (ఒక కొవ్వు ఆమ్లం) కూడా అంతే. ఇది అలవాటు సంగతి కాదు, దాని కాలేయంలో ఆ ఎంజైములే అరకొర.

ఆచారానికి ఇబ్బంది లేని దారి: డ్రై ఫుడ్ వండక్కర్లేదు, వంటింట్లోకి రానక్కర్లేదు. బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో దానికి వేరే డబ్బా, వేరే చెంచా, వేరే పళ్లెం. పెరుగన్నం పూర్తిగా తీసేసి, పిల్లి బరువుకి లెక్క కట్టి కంప్లీట్ డ్రై ఫుడ్ పూర్తి మోతాదు పెట్టండి. 3 కిలోల ఆపరేషన్ అయిన పిల్లికి 160 నుంచి 190 కేలరీలు. ఆ డ్రైలో 40 మి.లీ. గోరువెచ్చని నీళ్లు పోసి 15 నిమిషాలు నానబెట్టి ఇస్తే తేమ కూడా అందుతుంది. కుక్కల ప్యాకెట్ చవకని తేవద్దు, అందులో పిల్లికి సరిపడా టారిన్, ప్రొటీన్ ఉండవు. ఇన్నాళ్లూ పెరుగన్నం మీద ఉంది కాబట్టి ఒకసారి డాక్టర్ చేత గుండె, కళ్లు చూపించండి.

#16 తులసికోట

అర్థమైందండీ. వాష్ ఏరియాలో పెడతాం. చూపిస్తాం కూడా.

#17 లిట్టర్_లెక్క

నీళ్ల దగ్గరికి వద్దాం. తిండి పళ్లెం పక్కనే నీళ్ల గిన్నె పెడితే చాలా పిల్లులు ముట్టవు. ఇంట్లో రెండు మూడు చోట్ల, లిట్టర్ బాక్స్‌కి (పిల్లి మలమూత్రాలకి పెట్టే పెట్టెకి) దూరంగా, వెడల్పు స్టీలు గిన్నెల్లో అంచు దాకా నింపి ఉంచండి. రోజూ కడగాలి. ప్లాస్టిక్ గీతల్లో జిగట పడుతుంది, గడ్డం కింద నల్ల మొటిమలు వస్తాయి. ప్రతి పౌచ్‌లో 30 మి.లీ. గోరువెచ్చని నీళ్లు కలపండి. ఒకేసారి 30 పోస్తే వాసన చూసి వెళ్లిపోవచ్చు, మొదట ఒక చెంచా, రెండు రోజులకి ఇంకో చెంచా.

లిట్టర్‌లో మూత్రం గడ్డలు రోజూ లెక్కపెట్టండి. రెండు నుంచి నాలుగు మామూలు. ఉన్నట్టుండి గోలీకాయంత చిన్న గడ్డలు చాలా వచ్చినా, ఒక్కటీ రాకపోయినా ప్రమాదమే. మగ పిల్లి బాక్స్‌లోకి పదే పదే వెళ్లి ముక్కుతూ, కింద నాక్కుంటూ, చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి. బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు పోసి పొద్దున దాకా ఆగకండి. దారి మూసుకున్నప్పుడు ఎక్కువ నీళ్లు పట్టిస్తే మూత్రపు సంచి ఇంకా ఉబ్బుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రయినా ఆ గంటలోనే ఆస్పత్రి.

#18 మీసాలు_తోక

5 గంటల అరుపుల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. పిల్లి అడవిలో రోజుకి పది నుంచి ఇరవై చిన్న వేటలు తింటుంది. పొద్దు పొడిచే ముందు, పొద్దు వాలేటప్పుడు దాని ఒంట్లో చురుకు ఎక్కువ. పిల్లుల వైద్యుల అమెరికా సంఘం 2018లో తిండి పెట్టే తీరు మీదే ఒక పత్రం తెచ్చింది. చిన్న చిన్న భాగాలుగా, వెతుక్కుని తినేలా, పిల్లికి పిల్లికి వేరు చోట్ల పెట్టమంటుంది. అందుకని రోజు మొత్తం గ్రాములు పొద్దున్నే ఒక డబ్బాలో తూచి పెట్టుకుని, అందులోంచే నాలుగైదుసార్లు తీయండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. "నేను పెట్టలేదనుకున్నాను" అని ఇద్దరు పెట్టడం ఇళ్లలో లావుకి పెద్ద కారణం.

ఆఖరి భాగం రాత్రి 11కి, దానికి ముందు పది నిమిషాలు ఈకల కర్రతో ఆడించి. ఆట, తిండి, నాకుడు, నిద్ర, దాని వరస అది. 5కి అరిచినప్పుడు లేచి పెట్టారా, అరిస్తే పని జరుగుతుందని నేర్పినట్టే. ఒక్కరోజు లొంగినా ఇంకో రెండు వారాలు అరుస్తుంది. టైమర్ ఫీడర్ దొరికితే తెల్లవారుజామున 4:30కి 10 గ్రాములు పడేలా పెట్టండి. మనిషికీ తిండికీ లంకె తెగితే పిల్లి మీ మంచం వదిలి ఫీడర్ దగ్గర కూర్చుంటుంది.

డ్రైని గిన్నెలో పోయకుండా కాగితపు గుడ్ల ట్రే గుంటల్లో రెండేసి మూడేసి గుళికలు వేయండి. గంజిలా మింగేసి పది నిమిషాల్లో అలాగే కక్కే పిల్లులకి కూడా ఇది మందు. రెండో వారం అర లీటరు నీళ్ల సీసాకి గుళిక కంటే కొంచెం పెద్ద కంతలు రెండు పెట్టి దొర్లించనివ్వండి. కంత అంచు గీసుకోకుండా కాల్చి నున్నగా చేయాలి. మొదట్లో కంతలు ఎక్కువ పెట్టండి, కష్టమైతే విసిగి వదిలేస్తుంది.

#19 గోదారిగట్టు

ఎండాకాలం పౌచ్ ఎంతసేపు ఉంచవచ్చు? చీమల బాధ కూడా.

#20 గ్రాముకాటా

మామూలు రోజుల్లో గంట, మే నెలలో ఫ్యాన్ కింద అయినా అరగంట. తర్వాత తీసి పారేయండి. తెరిచిన పౌచ్ మూత ఉన్న గాజు డబ్బాలో ఫ్రిజ్‌లో 24 గంటలు, మహా అయితే 48. ఫ్రిజ్ చల్లదనంతో పెడితే వాసన రాదు, ముట్టదు. గిన్నెని వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే ఒంటి వేడికి వస్తుంది. చీమలకి వెడల్పు పళ్లెంలో వేలు లోతు నీళ్లు పోసి మధ్యలో తిండి గిన్నె. చీమల చాక్‌పీస్ గీతలు వద్దు, అందులో పైరిత్రాయిడ్ మందు ఉంటుంది, పిల్లికి అది విషం. కాలికి అంటించుకుని నాకుతుంది.

డ్రై తెరిచాక నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోవాలి. ఒక్క పిల్లికి 7 కిలోల సంచీ చవకే గానీ, కోస్తా ఉక్కలో రెండో నెలకి కొవ్వు కారు వాసన కొడుతుంది. సంచీలోంచి డబ్బాలో పోయకండి, సంచీతో సహా డబ్బాలో పెట్టి మూత బిగించండి. బ్యాచ్ నంబరు, తేదీ కూడా మిగులుతాయి. షాపులో విడిగా కవర్లో కట్టి అమ్మేది ఎంత చవకైనా కొనొద్దు. ఎప్పటిదో, ఎన్నాళ్లు తెరిచి ఉందో, పిల్లిదో కుక్కదో తెలియదు.

#21 బెజవాడ_బాల్కనీ

అందరూ చెప్పినవి కలిపి ఇలా రాసుకున్నాను, చూడండి. మొత్తం దాదాపు 232.

80 గ్రాముల పౌచ్‌లు రెండు: పై లెక్కతో ఒక్కోటి 47, వెరసి 94.
ఉడికిన చికెన్ 12 గ్రాములు: 20.
డ్రై 35 గ్రాములు: 117.

4:30కి ఫీడర్‌లో డ్రై 10 గ్రాములు. 7:30కి పౌచ్, నీళ్లు కలిపి. మధ్యాహ్నం 1కి గుడ్ల ట్రేలో డ్రై 10, చికెన్. సాయంత్రం 7కి రెండో పౌచ్. రాత్రి 11కి ఆట తర్వాత డ్రై 15. రేపటి నుంచి మొదలు.

#22 విశాఖ_నల్లపిల్లి

లెక్క సరిపోయింది. రెండు దిద్దుబాట్లు.

"రేపటి నుంచి" అన్నది మార్చండి. మూడేళ్లు డ్రై తిన్న పిల్లి పౌచ్‌ని తిండిగా గుర్తించకపోవచ్చు. మొదటి వారం పాత డ్రై మొత్తాన్నీ ఆ అయిదు వేళలకి పంచండి, అంతే. గిన్నె నిండుగా ఉండటం పోవడమే దానికి పెద్ద మార్పు. రెండో వారం రోజు తిండిలో పావు వంతు పౌచ్, మూడు రోజులకి సగం, అలా పది రోజుల్లో పూర్తి. విరేచనం పల్చబడితే ముందు మెట్టుకి వెనక్కి వెళ్లి మూడు రోజులు ఆగండి. పౌచ్ వాసన చూసి మట్టి కప్పినట్టు గీరితే పైన నాలుగు గుళికలు నలిపి చల్లండి.

రెండోది, 232ని రాసి గోడకి అంటించకండి. రెండు వారాలకోసారి బరువుని బట్టి అది మారుతుంది. 4.5కి చేరాక కూడా పాత 290కి వెళ్లకూడదు, చిన్న ఒంటికి ఖర్చు తక్కువ. అప్పుడు 240 దగ్గర మొదలుపెట్టి తూకం నిలిచే అంకె వెతకాలి.

#23 లిట్టర్_లెక్క

కాటాతో పాటు చెయ్యి కూడా వాడండి. పక్కటెముకల మీద అరచేయి ఆనించి మెల్లగా నిమరాలి. మీ చేతి వెనక వైపు వేళ్ల ఎముకలు తగిలినట్టు తగిలితే సరైన ఒళ్లు. అరచేతి వైపు తడిమినట్టు మెత్తగా ఉంటే ఇంకా లావు. పిడికిలి కణుపుల్లా గుచ్చుకుంటే మరీ బక్క. కింద వేలాడే పొట్ట తోలు చూసి లావనుకోకండి, చాలా పిల్లులకి సహజంగానే ఉంటుంది, సన్నబడినా పోదు.

#24 బెజవాడ_బాల్కనీ

ఇవాళ పార్సిల్ కాటా మీద 5.38. చెయ్యి వేస్తే అరచేతి మెత్తదనమే. మొదటి వారం డ్రై అయిదు వేళలు, మొత్తం 70 గ్రాములు తూచి డబ్బాలో పోశాను. 233 వస్తుంది. సరేనా?

#25 గ్రాముకాటా

సరే. చికెన్ ఇచ్చిన రోజు డబ్బాలోంచి 6 గ్రాములు తీసేయండి.